వాష్ చిత్తడిలో నాలుగు సాయంత్రాలు

మొదటి రోజు: పోటు లెక్క

ఇంగ్లండ్ పటంలో తూర్పు తీరం చూస్తే లింకన్‌షైర్‌కూ నార్ఫోక్‌కూ మధ్య సముద్రం చదరంగా లోపలికి చొచ్చుకొచ్చి కనిపిస్తుంది. దాని పేరు వాష్. విథమ్, వెల్లండ్, నీన్, గ్రేట్ ఊజ్ అనే నాలుగు నదులు తమ ఒండ్రునంతా ఇక్కడే దింపుతాయి. కరకట్ట దిగితే ముందు ఉప్పు గడ్డి, దాన్ని కోసుకుంటూ మెలికలు తిరిగే పాయలు, ఆపైన చూపు ఆనని బురద మైదానం, దానికవతల ఎక్కడో నీరు. పగలంతా ఆ నీటి మీదా బురద మీదా గడిపిన బాతులు పొద్దుగుంకాక మేతకు బయల్దేరి, కరకట్ట దాటి, పచ్చికల్లో నిలిచిన మంచినీటి గుంటలకు వస్తాయి. ఆ అరగంట వాటి దారిలో మాటు వేయడమే ఇక్కడి సాయంత్రపు వేట.

లండన్ నుంచి పీటర్‌బరో దాకా రైలు, అక్కడి నుంచి హోల్‌బీచ్ వైపు కారు. జనవరి చివరి వారం, పున్నమి రోజు. సూర్యాస్తమయం సుమారు నాలుగున్నరకు.

కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. ఈ దేశంలో ఉంటున్నవారికి పోలీసులు ఇచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ కావాలి. బయటి దేశం నుంచి వచ్చేవారి కోసమైతే ఇక్కడివారు పూచీ ఉండి దరఖాస్తు పెడితే విజిటర్ పర్మిట్ వస్తుంది. అదొక్కటే చాలదు. చిత్తడిని కౌలుకు తీసుకున్న క్లబ్బు అనుమతి కావాలి, కొత్తవారి వెంట ఆ క్లబ్బు సభ్యుడు ఉండాలి. పోటు నీరు తాకే తీరంలో వేట కాలం సెప్టెంబర్ 1 నుంచి ఫిబ్రవరి 20 వరకు. కరకట్టకు లోపలి వైపు జనవరి 31తోనే ముగుస్తుంది. ఇంకొక సంగతి, హోల్‌బీచ్ తీరంలో వైమానిక దళం బాంబుల సాధన చేసే మైదానం ఉంది. ఎర్రజెండా ఎగురుతుంటే అటు అడుగు పెట్టకూడదు.

ఇక పోటు. పున్నమి, అమావాస్యల పెద్ద పోట్లు ఇక్కడ ఉదయం ఆరేడు గంటలకూ, మళ్లీ సాయంత్రం ఆరేడు గంటలకూ నిండుతాయి. అష్టమి ప్రాంతపు చిన్న పోట్లు మధ్యాహ్నం, అర్ధరాత్రి వేళల్లో నిండుతాయి. అంటే అష్టమి రోజుల్లో చీకటి పడేటప్పుడు నీరు మైళ్ల దూరంలో ఉంటుంది, ప్రమాదం తక్కువ. పున్నమికి నీరూ చీకటీ కలిసే వస్తాయి. అయినా వేటగాళ్లు పున్నమి వారాన్నే ఎందుకు కోరుకుంటారంటే, పెరిగే నీరు బురద మీద చెదిరి ఉన్న బాతుల్ని లేపి కట్ట వైపు తోస్తుంది.

ఈ రోజు పోటు నిండేది ఆరున్నరకు. పట్టికలో ఉండేది నీరు నిండే సమయం మాత్రమే. పాయల్లోకి నీరు రావడం అంతకు రెండున్నర గంటల ముందే మొదలవుతుంది, అంటే నాలుగు గంటలకే. బాతులు ఎగిరేది ఐదు దాటాక. ఈ ఒక్క లెక్కతోనే తేలిపోతుంది, ఈ సాయంత్రం పాయ దాటి వెళ్లే ప్రశ్నే లేదు.

కాబట్టి తుపాకి కారులోంచి తీయలేదు. మధ్యాహ్నం వెలుతురులో చిత్తడి నడిచి చూడటమే పని. కట్ట నుంచి మొదటి పాయకు నాలుగు వందల అడుగులు. దాటడానికి గట్టి అడుగు ఉన్న చోటు ఒక్కటే, అక్కడ ఒడ్డు కోసుకుపోయి మెట్టులా ఉంది. మిగతా చోట్ల రెండు మీటర్ల నిటారు బురద గోడలు. దిగడం తేలికే, ఎక్కడం కష్టం. దాటే చోటు నుంచి కట్ట మీది గేటుకు దిక్సూచి పెట్టి డిగ్రీలు చూసి కాగితం మీద రాసుకోవాలి, మనసులో పెట్టుకుంటే చాలదు. చీకట్లో ప్రతి పాయా ఒకేలా ఉంటుంది.

నాలుగింటికి కట్ట ఎక్కి కూర్చుంటే ఈ చిత్తడి అసలు స్వభావం కళ్లముందే తెలుస్తుంది. నీరు సముద్రం వైపు నుంచి ఒక గీతలా ముందుకు రాదు. ముందు పాయల్లో చప్పుడు లేకుండా పైకి పాకుతుంది. ఎదుట గడ్డి ఇంకా పొడిగా ఉండగానే వెనక పాయ నిండిపోతుంది. పోటు ముందు నుంచి వస్తుందని చూస్తూ కూర్చున్న మనిషికి తిరుగు దారి వెనక మూసుకుపోతుంది. 1216 అక్టోబరులో ఇంగ్లండ్ రాజు జాన్ సామాను బళ్లు మునిగిపోయింది ఈ వాష్ దాటబోయే. ఆ నిధి కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు.

ఐదు దాటాక విజియన్ బాతులు రావడం మొదలైంది. ఏ పాయ మీదుగా వస్తున్నాయి, ఎంత ఎత్తున, కట్టను ఎక్కడ దాటుతున్నాయి, ఇవి రాసుకున్నాం. పున్నమి చంద్రుడు లేచినా లాభం లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటే నల్లటి ఆకాశంలో నల్లటి పిట్ట కనపడదు. వెన్నెల వేటకు చంద్రుడి కింద పల్చటి తెల్ల మబ్బు పరచుకుని ఉండాలి, ఆ తెలుపు మీద బాతు నీడలా తేలుతుంది.

రెండో రోజు: ఈదురుగాలి, వాన

తెల్లారేసరికి నైరుతి నుంచి ఈదురుగాలి, అడ్డంగా కొట్టే వాన. మామూలు మనుషులు తలుపులు వేసుకునే ఇలాంటి రోజే సాయంత్రపు వేటకు మంచిది. కారణం సూటిగానే ఉంది. ఇక్కడ తీరం ఈశాన్యానికి చూస్తుంది, బాతులు సముద్రం నుంచి నైరుతికి వస్తాయి. ఎదురుగాలిలో ఎత్తున ఎగిరితే వాటికి శ్రమ, అందుకని గడ్డికి పది ఇరవై మీటర్ల ఎత్తులో, నెమ్మదిగా వస్తాయి. మబ్బు దట్టంగా ఉంటే చీకటి తొందరగా పడుతుంది, అవీ తొందరగా లేస్తాయి. గాలి హోరులో మనిషి అలికిడి వినపడదు. పైగా నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి పోటును కొంచెం ఆపుతుంది. దీన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. పోటు ముందుగా వస్తుందనుకుని బయల్దేరినవాడికి నష్టమేమీ లేదు.

పోటు ఏడు పదికి. పాయల్లో నీరు ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువకే మొదలవుతుంది. ఈ రోజు కూడా మొదటి పాయకు ఇవతలే.

ఒంటి మీద ఛాతీ దాకా వచ్చే వేడర్లు, అంటే బూట్లతో కలిసిన నీరు చొరని లాగులు, వాటి పైన వాన కోటు. వేడర్ల మీద నడుముకు బెల్టు బిగించాలి. పడిపోతే లోపలికి నీరు ఒక్కసారిగా నిండకుండా ఆపేది ఆ బెల్టే. చేతిలో మనిషి ఛాతీ ఎత్తు కర్ర, ప్రతి అడుగుకూ ముందు అది దిగాలి. రెండు దిక్సూచులు, రెండు తల దీపాలు, ఈల, నీరు తగలని సంచిలో ఫోను. పన్నెండు బోరు తుపాకి, ఇరవై ఐదు తూటాలు. ఆటోమేటిక్ తుపాకి అయితే మ్యాగజైన్‌లో రెండుకు మించి పట్టకూడదని చట్టం. సీసం గుళ్లు ఇంగ్లండ్‌లో బాతుల మీద 1999 నుంచి నిషేధం. బురదలో పడ్డ సీసం గుళ్లను బాతులు ఇసుక రవ్వలనుకుని మింగి విషమెక్కి చచ్చేవి. ఇప్పుడు ఉక్కు గుళ్లే, మూడో నంబరు, 32 నుంచి 36 గ్రాముల బరువు. ఉక్కు సీసం కన్నా తేలిక, దూరం పోయేకొద్దీ వేగం త్వరగా కోల్పోతుంది. అందుకే 30 మీటర్లు దాటిన పిట్ట మీద పేల్చకూడదు. బలమైన ఉక్కు తూటాలు వాడాలంటే తుపాకి గొట్టం మీద లిల్లీ పువ్వు ముద్ర ఉండాలి. ఉక్కు తూటాల పరీక్షకు ఆ గొట్టం నిలిచిందనడానికి గుర్తు అదే.

మాటుకు పాయ ఒడ్డున కోసుకుపోయిన గుంత చాలు. అడుగున ఒక పలక పరిచి, పైన సంచి వేసుకుని కూర్చోవాలి. ఎదురుగా ఇరవై మీటర్లలో గడ్డి మధ్య నిలిచిన నీటి మడుగు, అందులో ఎనిమిది దీమపు బాతులు, అంటే అసలువాటిని ఆకర్షించే బొమ్మలు, ఒక్కోదానికి మీటరు తాడు, చివర బరువు. వాటిని వరసగా పెట్టకూడదు. రెండు గుంపులుగా చేసి మధ్యలో ఖాళీ వదలాలి, వచ్చే బాతులు దిగేది ఆ ఖాళీలోకే. గాలి వీపు వైపు ఉంది కనుక అవి మనకు ఎదురుగానే దిగుతాయి, ఇంతకన్నా మంచి అమరిక ఉండదు. తుపాకిలో తూటా వేసే ముందు ప్రతిసారీ దాన్ని మడత దగ్గర తెరిచి గొట్టంగుండా ఆకాశం చూడాలి. చెంచాడు బురద గొట్టం మూతిలో ఇరుక్కుంటే చాలు, పేల్చినప్పుడు గొట్టమే పగులుతుంది.

ఐదుకు చప్పుడు ముందొచ్చింది. మగ విజియన్ ఈల వేస్తుంది, ‘వీ...ఊ’ అని మధ్యలో ఎత్తి చివర జార్చినట్టు. వెలుతురు మిగిలింది వెనక నైరుతిలో. బాతులు వచ్చేది చీకటి వైపు నుంచి. కాబట్టి కళ్లు చించుకుని సముద్రం వైపు చూసి లాభం లేదు, చెవిని నమ్ముకోవాలి. ఈల, తర్వాత రెక్కల చప్పుడు, అప్పుడు వానలోంచి హఠాత్తుగా ఏడెనిమిది బాతులు కాళ్లు చాచి, రెక్కలు వంచి, గాలిలో ఆగినట్టే మడుగు మీద నిలబడతాయి. తెల్లటి పొట్ట కనిపించిందంటే విజియన్, దూరం కూడా సరిపోయినట్టే. పొట్ట తెలుపు కనపడకపోతే పేల్చకూడదు. వాటి మధ్యే పెద్దగా, ఒంటి నిండా తెలుపుతో షెల్‌డక్ వస్తుంది. వంకర ముక్కు కర్లూ పిట్టలూ వస్తాయి. రెండూ రక్షిత పక్షులు. ఆకారం పోల్చుకోలేని పిట్టను వదిలేయడమే.

ఒక పిట్ట పడ్డాక అది చేతికి వచ్చేదాకా మరోదాని మీద పేల్చకపోవడం మంచి అలవాటు. లాబ్రడార్ కుక్క లేకుండా ఈ వేటకు రానే కూడదు. వానలో, చీకట్లో, గడ్డిలో పడ్డ బూడిదరంగు బాతును మనిషి కన్ను పట్టలేదు. కుక్క ముక్కు మూడు నిమిషాల్లో పడుతుంది. కుక్కకూ నియోప్రీన్ కోటు తొడగాలి. ఈదిన ప్రతిసారీ నీళ్లు విదిలించుకున్నాక గాలి తగలని గుంతలోకి లాక్కోవాలి. వణుకు ఆగకపోతే ఆ పూటకు వేట ముగిసినట్టే.

ఇరవై ఐదు నిమిషాల్లో రాక అయిపోయింది. రెండు విజియన్, ఒక టీల్ అనే చిన్న బాతు. ఐదున్నరకు కట్ట మీదున్నాం. వెనక మడుగు ఉన్నచోట ఇప్పుడు అంతా నీరే.

మూడో రోజు: పొగమంచు

గాలి పడిపోయింది. మధ్యాహ్నానికి సముద్రం నుంచి పొగమంచు లేచి కరకట్టను మింగేసింది. వాన, గాలి, మంచు గడ్డలు, దేనికైనా చిత్తడిలోకి దిగవచ్చు, పొగమంచుకు మాత్రం దిగకూడదు. పొగమంచులో కట్ట కనపడదు, అవతలి ఊరి దీపాలు కనపడవు. చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి చెప్పలేదు. దిక్సూచి ఉందిగా అనుకుంటారు. తుపాకి ఉక్కు గొట్టం దగ్గరగా ఉంటే దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుంది, భుజాన తుపాకితోనే చూసి పది డిగ్రీలు తప్పినవాడు నేరుగా తప్పుడు పాయలోకి నడుస్తాడు. అప్పటికే లోపల ఉండగా పొగమంచు కమ్మితే చేయాల్సింది ఇది: తూటాలు తీసేసి తుపాకిని రెండు గజాల దూరంలో గడ్డి మీద పెట్టి, దిక్సూచిని అరచేతిలో సమంగా పట్టుకుని, రాసుకున్న డిగ్రీల వైపు ఒక గడ్డి దుబ్బును గురి పెట్టుకుని, తుపాకి తీసుకుని ఆ దుబ్బు దాకా నడవడం. మళ్లీ మరో దుబ్బు. ఆలస్యమే, కానీ తిన్నగా ఇంటికి చేరుస్తుంది.

వేట లేని రోజు కనుక సట్టన్ బ్రిడ్జ్ వైపు వెళ్లాం. నీన్ నది ముఖాన అటొకటి ఇటొకటి తెల్లటి దీపస్తంభాలు. తూర్పు దానిలో 1930లలో పక్షుల చిత్రకారుడు పీటర్ స్కాట్ కాపురం ఉన్నాడు. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ కొడుకు. ఇదే బురదలో బాతుల్ని, హంసబాతుల్ని వేటాడినవాడు తర్వాత తుపాకి పక్కన పెట్టి, 1946లో స్లిమ్‌బ్రిడ్జ్‌లో నీటిపక్షుల సంరక్షణ సంస్థ స్థాపించాడు. పాయ ఒడ్డున మాటులో గంటల తరబడి పిట్టల్ని చూసిన కన్నుకు వాటి ఈక ఈకా తెలుస్తుంది. ఆయన బొమ్మల్లో బాతు గుంపు గాలికి వాలే తీరు చూసినవారికి ఈ మాట అతిశయం అనిపించదు.

బోస్టన్ దగ్గర ఫ్రాంప్టన్ మార్ష్ పక్షి రక్షణ కేంద్రంలో మాత్రం మంచు కొంచెం పల్చబడింది. అక్కడ విజియన్, టీల్, సూదితోక బాతు, చెంచా ముక్కు షవెలర్ పాతిక మీటర్ల దూరంలో మేస్తాయి. కొత్తగా వేట నేర్చేవారు ముందు ఇక్కడ రెండు రోజులు కూర్చోవాలి. చీకట్లో గుర్తుపట్టాల్సిన ఆకారాలు వెలుతురులోనే కంటికి అలవాటు కావాలి. ఈ నాలుగు జాతులూ మన కొల్లేరుకూ, పులికాట్‌కూ చలికాలంలో వస్తాయి. ఇక్కడివి ఐస్‌లాండ్, స్కాండినేవియా, రష్యాల నుంచి, మనవి మధ్య ఆసియా దారిన ఉత్తరాది నుంచి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటి వేట నేరం. ఇక్కడ చూసింది అక్కడ చేద్దామని ఎవరికీ అనిపించకూడదనే ఈ మాట రాయడం.

నాలుగో రోజు: ఉత్తర గాలి

రాత్రి ఆకాశం తేరుకుని గడ్డ కట్టింది. పొద్దున చిత్తడి గడ్డి కరకరలాడుతోంది, మడుగుల మీద అద్దంలా పొర. రెండు రోజుల గడ్డకు ఫర్వాలేదు. అదే వారం దాటితే మేత దొరక్క బాతులు చిక్కిపోతాయి, అప్పుడు వేటగాళ్లు తమంతట తాము తగ్గించుకోవాలని పిలుపు వస్తుంది. రెండు వారాలు అలాగే ఉంటే ప్రభుత్వమే వేట ఆపేస్తుంది. మంచి నిబంధన ఇది. చిక్కిన పిట్టను ఎగిరించడం కూడా దాని ప్రాణానికి ఖర్చే.

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి గాలి ఉత్తరానికి తిరిగింది. గాలిపీడనం 985 మిల్లీబార్లకు దిగింది. పట్టికలోని పోటు ఎత్తు 1013 దగ్గర ఉండే సగటు పీడనానికి లెక్క కట్టింది. పీడనం ఒక్కో మిల్లీబారు తగ్గితే నీరు సెంటీమీటరు లేస్తుంది. అంటే 28 సెంటీమీటర్లు అదనం. దానిపైన ఉత్తర గాలి ఉత్తర సముద్రపు నీటిని ఈ గరాటులోకి తోస్తుంది. 1953 జనవరి 31 రాత్రి, మళ్లీ 2013 డిసెంబర్ 5న ఈ తీరం మీద పడిన ఉప్పెనలు ఈ రెండూ కలిసి వచ్చినవే. ఈ రోజుది అంత కాదు. కానీ ఎనిమిదిన్నర పోటును ఎనిమిది పోటుగా లెక్కపెట్టుకోవాలి, పాయల్లో నీరు ఐదున్నరకే వస్తుందనుకోవాలి.

అలా లెక్కిస్తే మొదటిసారి పాయ దాటే వీలు చిక్కింది. నాలుగుకు దాటడం, ఐదూ పదికి లేవడం, బాతులు తలమీద ఉన్నా సరే. గడియారంలో అలారం పెట్టి మరీ.

పాయ దాటేటప్పుడు ముందు కర్ర, తర్వాత పాదం. బురదలో అడుగు నిలపకూడదు, నిలిస్తే బురద బూటు చుట్టూ పట్టుకుంటుంది. చిన్న అడుగులు, మడమ ముందు లేవాలి. ముందరి వేళ్లతో లాగితే కాలు వేడర్‌లోంచి వస్తుంది, వేడర్ బురదలో ఉండిపోతుంది. కాలు దిగబడితే రెండో కాలు మీద బలం పెట్టకూడదు, అదీ దిగుతుంది. కర్రను అడ్డంగా పడుకోబెట్టి దాని మీద ఒళ్లు వాల్చి, మడమ కింద గాలి చొరబడేలా కాలిని అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి. కుక్కను గొలుసు లేకుండా ముందే దాటించాలి.

గాలి ముఖాన కొడుతోంది కనుక బాతులు ఈసారి వెనక గాలితో, రెండింతల వేగంతో, ఎత్తున వస్తాయి. ఎదురుగా వచ్చేదాన్ని పేల్చబోతే తప్పుతుంది, లేదా గాయపడి కట్ట అవతల ఎక్కడో పడుతుంది. దీమాలను ఈ రోజు మన వెనక వైపు పెట్టాలి. బాతులు తల దాటిపోయి, వాటిని చూసి, గాలికి ఎదురు తిరిగి వెనక్కి వస్తాయి. తిరిగి దిగేటప్పుడే తుపాకి ఎత్తాలి. వెలుతురు కూడా అటే ఉంది కనుక ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. చలికి తుపాకి సేఫ్టీ మీట బిగుసుకుంటుంది, అందుకని మధ్యమధ్య వేలితో కదిలించి చూసుకుంటూ ఉండాలి.

మూడు విజియన్ చేతికొచ్చాయి. ఐదూ ఐదుకు ఒక టీల్ తగిలి పాయకు అవతల, సముద్రం వైపు రెండో పాయ మీదుగా జారి పడింది. కుక్క ఒడ్డు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఆ పాయలో నీరు అప్పటికే కదులుతోంది. ఐదూ పదికి అలారం మోగింది. మొదటి పాయ దాటేసరికి అడుగున చీలమండ లోతు నీరు, పట్టిక చెప్పినదానికి అరగంటకు పైగా ముందు.

బసకు రాగానే తుపాకి పని ముందు. ఉప్పు నీటి తుంపర రాత్రికి రాత్రే ఉక్కును తుప్పు పట్టిస్తుంది. గొట్టం, చెక్క, లోపలి యంత్రం విడదీసి మంచినీటి గుడ్డతో తుడిచి, వేడి గదిలో ఆరబెట్టి, తర్వాతే నూనె. నూనె ముందు రాస్తే ఉప్పు దాని కిందే ఉండిపోతుంది. బాతుల్ని చలి చావడిలో మెడకు తాడు కట్టి రెండు రోజులు వేలాడదీస్తే మాంసం మెత్తబడుతుంది. ఈక పీకాక గుండు దిగిన ప్రతి రంధ్రం వేలితో తడమాలి. గుండుతోపాటు లోపలికి పోయిన ఈక ముక్కలు చేదు, ఉక్కు గుండు పంటికి తగిలితే పన్నే విరుగుతుంది. విజియన్ గడ్డి తింటుంది, వాసన ఉండదు. కోనసీమ బాతు ఇగురు పద్ధతే సరిపోతుంది, కానీ పెంపుడు బాతుకున్న కొవ్వు దీనికి లేదు. నూనె ఒక గరిటె ఎక్కువ, మంట సన్నం, గంటంపావు మూత పెట్టి ఉడకాలి.

క్లబ్బు లెక్క పత్రం వెళ్లే ముందు నింపి ఇవ్వాలి. తేదీ, చిత్తడి పేరు, గాలి దిక్కు, పేల్చిన తూటాలు 14. విజియన్ 5, టీల్ 1. దొరకనివి: టీల్ 1.